ఆ మూడు ఆదివారాలు

మచిలీపట్నం,
28 సెప్టెంబర్ 2014

చిరంజీవి జెన్నిఫర్‌కు మామయ్య దీవెనలు.

దేవుని దయవల్ల ఇక్కడ నేనూ మీ అత్తయ్యా కులాసాగా ఉన్నాం. మొన్న ఫోన్లో నువ్వు చెప్పినదాంట్లో సగం నా చెవిని చేరలేదు. మిగతా సగం మీ అత్తయ్య లాగేసుకుంది. బడిపంతులుకు చెవులు పోయినా చేతిరాత పోదు కనుక ఉత్తరం రాస్తున్నాను. నువ్వు కూడా ఫోన్లో అరవకుండా ఉత్తరమే రాయి.

ఈస్టర్‌కు వస్తామని చెప్పాం కదా, ఆ మాట మార్చాం. వీసాలు చేతికొచ్చాయి. డిసెంబర్ అయిదో తేదీ, శుక్రవారం అక్కడ దిగుతాం. జనవరి నెలాఖరు దాకా ఉంటాం. ఇదంతా మీ అత్తయ్య నిర్ణయం. మావాడు ఫ్రెడీ పోయిన దగ్గర్నుంచి మా ఇంటిమీద క్రిస్మస్ నక్షత్రం కట్టలేదని నీకు తెలుసు. ఏటా నేను కాగితాలూ వెదురు పుల్లలూ తెచ్చి పెడతాను, ఆమె తీసి అటకమీద పడేస్తుంది. ఈసారి తనే అంది, "నచ్చత్రం ఈడ కట్టి ఎవరికి చూపిత్తాం? పిల్లలకాడికే పోదాం పదండి" అని. ఆ మాట అన్నాక నేను ఆగలేదు.

నీ ఇంట్లో కూర్చుని నీ చేత వండించుకు తినడానికి మాత్రం రావడం లేదు. నాటింగ్‌హామ్ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరగలిగిన ఊళ్లు చాలా ఉన్నాయని, అన్నీ తిప్పి చూపిస్తానని మావాడు ప్రతి ఉత్తరంలోనూ రాసేవాడు. వాడు చూపించలేకపోయాడు. నువ్వు చూపించు. డ్యూటీలు చూసుకుని ఒక టైంటేబుల్ వేసి పంపించు. పక్కింటి గోవిందరాజులు అప్పుడే మాకు మంచు గురించి పాఠాలు మొదలుపెట్టాడు. అతను ఏలూరు దాటి ఎరగడు.

షైనీకి, సైమన్‌కు ముద్దులు.

నీ మామయ్య,
దేవదానం


నాటింగ్‌హామ్,
10 అక్టోబర్ 2014

పూజ్యులైన మామయ్యగారికి, అత్తయ్యగారికి జెన్నిఫర్ వందనాలు.

నిన్న డ్యూటీ దిగి వచ్చేసరికి మీ ఉత్తరం తలుపు సందులోంచి లోపల పడి ఉంది. కోటు విప్పకుండానే చదివాను. మళ్లీ చదివాను. మీరు ఈస్టర్‌కు వస్తారనే అనుకుంటూ ఉన్నాను కనుక కాస్త కంగారుపడిన మాట నిజం. సంతోషం లేదని కాదు మామయ్యా.

టైంటేబుల్ అడిగారు. డిసెంబర్ ఏడు ఆదివారం, లింకన్. కొండమీద పెద్ద కెథెడ్రల్ ఉంది, దాని చుట్టూ ఆ వారం క్రిస్మస్ బజారు పెడతారు. పద్నాలుగు ఆదివారం, కేంబ్రిడ్జ్. నది ఒడ్డున కాలేజీలు మీకు చాలా నచ్చుతాయి. ఇరవై ఒకటి ఆదివారం, స్కెగ్‌నెస్. సముద్రం చూడకపోతే అత్తయ్యకు ఊపిరాడదని నాకు తెలుసు. చలికాలం ఆ సముద్రం బూడిదరంగులో ఉంటుంది, మన మంగినపూడి బీచిలా ఉండదు. పిల్లలకు సెలవులిచ్చాక మామూలు రోజుల్లో డెర్బీషైర్ కొండలవైపు వెళ్దాం. క్రిస్మస్ నాడు ఇంట్లోనే.

మూడు ఆదివారాలూ పొద్దున ఏడింటికల్లా బయల్దేరాలి. ఇక్కడ నాలుగు గంటలకే చీకటి పడిపోతుంది. మన తెలుగు ఫెలోషిప్‌లో రత్నకుమార్ గారని ఉన్నారు, ఖమ్మం వైపు మనిషి, ముసలివాళ్లను చూసుకునే కేర్ హోమ్‌లో పనిచేస్తారు. ఆయనకు పెద్ద బండి ఉంది, అందరం పడతాం. తనే నడుపుతానన్నారు.

షైనీ పెద్ద స్కూలుకు వెళ్తోంది. నాకంటే పొడుగైపోయింది. సైమన్‌కు మీ ఉత్తరం చదివి వినిపిస్తే అంతా అర్థం చేసుకుని, "డజ్ తాత నో హౌ కోల్డ్ ఇటీజ్?" అన్నాడు. తెలుగులో అడగరా అంటే నవ్వి పారిపోయాడు. స్వెటర్లు కొనకండి, ఇక్కడ ఉన్నాయి. అత్తయ్యకు కాలి మేజోళ్లు మాత్రం మందంవి తీసుకోండి.

మీ కోడలు,
జెన్నిఫర్


మచిలీపట్నం,
20 అక్టోబర్ 2014

చిరంజీవి జెన్నిఫర్‌కు దీవెనలు.

నీ టైంటేబుల్ అందింది. ఆరు పీరియడ్ల టైంటేబుళ్లు వేసి వేసి చేతులరిగినవాణ్ని, నాకు తప్పులే ముందు కనపడతాయి. ఏమీ అనుకోకు.

మూడు ప్రయాణాలూ ఆదివారాలే ఎందుకు పెట్టావు? లింకన్‌లో దేవుని గుడి చూడటానికి మన గుళ్లో ఆరాధన మానుకుని పోవడమా? అది కూడా ఆగమన కాలంలో, పండగ ముందర? నేను జ్వరంతో ఉన్నప్పుడు తప్ప ఆదివారం గుడి మానినవాణ్ని కాను. మీ అత్తయ్యయితే పురుడు పోసుకున్న వారానికే వెళ్లి కూర్చుంది. శనివారాలకు మార్చు. కుదరకపోతే ఆరాధన అయ్యాక బయల్దేరదాం. చీకటి పడితే పడనీ, చీకటి మాకు కొత్త కాదు.

ఇంకొకటి. క్రిస్మస్ నాడు ఇంట్లో కూర్చోవడం దేనికి? పొద్దున ఆరాధన అయ్యాక రైలెక్కి లండన్ వెళ్లి దీపాలు చూసి రాత్రికి వచ్చేద్దాం. పండగ పూట అక్కడ దీపాలు చూడాలని మీ అత్తయ్యకు ఎన్నాళ్ల నుంచో ఉంది.

రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. నీ పట్టికలో లింకన్ ఉంది, కేంబ్రిడ్జ్ ఉంది, సముద్రం ఉంది. మావాడి సమాధి లేదు. మాకు ఆ ఊళ్లో చూడవలసినది ముందు అదే కదమ్మా. వాణ్ని భూస్థాపన చేసినప్పుడు మేం లేము. ఆ మట్టి మేమింకా చూడలేదు. మరచిపోయావని అనుకోవడం లేదు. కానీ ఉత్తరం చదివి వినిపించాక మీ అత్తయ్య, "మళ్లీ సదవండి, ఎక్కడో రాసే ఉంటది" అంది. మళ్లీ చదివాను.

నీ మామయ్య,
దేవదానం


నాటింగ్‌హామ్,
31 అక్టోబర్ 2014

మామయ్యగారికి వందనాలు.

ఫ్రెడీ సమాధి దగ్గరికి నేను వారం వారం వెళ్తాను. పిల్లలకు కూడా దారి కంఠతా వచ్చు. అది ఊరు చూడటం కాదు కనుక పట్టికలో రాయలేదు. ఇంట్లో వంటగదికి తీసుకెళ్తానని ఎవరైనా రాస్తారా? మీరు దిగిన మర్నాడే వెళ్తాం. అత్తయ్యకు ఈ ముక్క వెంటనే చెప్పండి. ఆవిడ అలా అడిగారని చదివాక నాకు ఆ రోజంతా పని చేతికి రాలేదు.

శనివారాలు నాకు డ్యూటీ పడింది. డ్యూటీల రోటా ముందే వేసేశారు, మార్చమని అడిగే వీల్లేదు. ఆరాధన పదింటికి మొదలై టీలూ బిస్కెట్లూ అయ్యేసరికి పన్నెండు దాటుతుంది. అప్పుడు బయల్దేరితే కేంబ్రిడ్జ్ చేరేసరికి చూడటానికి ఏమీ కనపడదు. ఒక మూడు ఆదివారాలు మానితే దేవుడు ఏమీ అనుకోడు మామయ్యా.

క్రిస్మస్ నాడు లండన్ కుదరదు. ఆ రోజు ఇక్కడ రైళ్లుండవు. బస్సులూ ఉండవు. మర్నాడు కూడా దాదాపు అంతే.

నేను విసుక్కుంటున్నానని అనుకోకండి. వార్డులో ఇద్దరు మనుషులు తక్కువున్నారు, పనంతా మా మీదే పడుతోంది. దయచేసి ఆదివారాల సంగతి నాకు వదిలెయ్యండి. మీరు వచ్చాక అన్నీ మాట్లాడుకుందాం.

మీ కోడలు,
జెన్నిఫర్


మచిలీపట్నం,
10 నవంబర్ 2014

జెన్నిఫర్‌కు దీవెనలు.

నీ ఉత్తరం చదివి ఒక పూట పక్కన పెట్టాను. కోపంలో రాయకూడదని నేనే పిల్లలకు చెప్పేవాణ్ని.

క్రైస్తవ దేశంలో క్రిస్మస్ పండగనాడు రైళ్లు ఆపుతారా? మా బందరులో పండగకు ఇంకో నాలుగు బస్సులు ఎక్కువ వేస్తారు. గోవిందరాజులుకు చెబితే పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. తీసుకెళ్లడం ఇష్టం లేదంటే ఆ మాటే అను. ముసలివాణ్నయినంత మాత్రాన చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పకు.

మీ అత్తయ్య సంగతి చెబుతాను. మొన్న సూట్‌కేసులో సర్దిన మాగాయ సీసా తీసి మళ్లీ బీరువాలో పెట్టేసింది. ఏమిటని అడిగితే, "మనం ఇంట్లో ఉంటే ఆ పిల్లకి ఇబ్బందిగా ఉన్నట్టుంది. అందుకే తెల్లారకుండానే బయటికి తోలుకుపోతానంటోంది" అని కళ్లొత్తుకుంది. నేను అలా అనుకోవడం లేదు. నా భయం వేరు. నువ్వు గుడి మానేశావు. ఆ సంగతి మాకు తెలియకుండా ఉండాలని ఆదివారాలకు ఊళ్లు అడ్డుపెడుతున్నావు. మనిషి పోయాక దేవుడిమీద కోపం రావడం నేను ఎరుగుదును, నాకూ వచ్చింది. నువ్వు చిన్నప్పుడు మా బళ్లో వాక్యాలు తడుముకోకుండా అప్పజెప్పిన పిల్లవి. నువ్వు మానేస్తే ఫ్రెడీ పిల్లలకు ఎవరు నేర్పుతారు?

అందుకని నీకు చెప్పకుండా ఒక పని చేశాను. అక్కడి మీ గుడి అయ్యగారికి ఉత్తరం రాశాను. మావాణ్ని మట్టిచేసిన రోజున ఆయన మాకు రాసిన ఓదార్పు ఉత్తరం నా దగ్గరుంది, అడ్రసు అందులోదే. డిసెంబర్ ఏడు ఆదివారం మేం గుళ్లో ఉంటామని, ఆ రోజు ప్రార్థనలో ఫ్రెడీ పేరు చదివి జ్ఞాపకం చేసుకోమని అడిగాను. లింకన్ ఎక్కడికీ పోదు. నువ్వు రాకపోయినా మేమిద్దరం దారి అడుక్కుంటూ వెళ్తాం.

దేవదానం


నాటింగ్‌హామ్,
18 నవంబర్ 2014

మామయ్యగారికి,

ఇది కొరియర్లో పంపిస్తున్నాను. అత్తయ్య పక్కన లేనప్పుడు ముందు మీరొక్కరే చదవండి. తర్వాత ఎలా చెప్పాలో మీకే తెలుస్తుంది.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు మీ ఉత్తరం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. "జెన్నిఫర్, మీ మామగారికి ఇంకా చెప్పలేదా?" అని అడిగారు. అందరూ టీ తాగుతున్నారు.

నేను గుడి మానలేదు మామయ్యా. ఒక్క ఆదివారం కూడా మానలేదు. ఆ మూడు ఆదివారాలు మీరు ఆ గుళ్లో ఉండకూడదని ఊళ్లు వెతికాను. ఆ మూడు ఆదివారాలూ అక్కడ నా పెళ్లి ప్రకటన చదువుతారు.

రాసేశాను. ఇక మిగతాది రాయగలను.

మీకు వివరించక్కర్లేదు, బందరు గుళ్లో మీరు ఎందరివో విన్నారు. ఇక్కడా అదే ప్రార్థన పుస్తకం, అదే పద్ధతి. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ఇద్దరి పేర్లూ సంఘం ఎదుట చదివి, వీళ్ల పెళ్లికి అడ్డమేదైనా ఎరిగినవారు ఇప్పుడే చెప్పమంటారు. నా పేరు పక్కన విధవరాలని చదువుతారు. అవతలి పేరు రత్నకుమార్. బండి నడుపుతారని రాశానే, ఆయనే. నలభై దాటాయి, తమ్ముళ్లను ఒడ్డుకు చేర్చేసరికి తన పెళ్లి వయసు దాటిపోయింది. ఫ్రెడీ చనిపోయిన ఏడాది మంచు పడి కార్లు కదలనప్పుడు సైమన్‌ను భుజాన వేసుకుని ఆస్పత్రికి మోసుకెళ్లిన మనిషి. పిల్లలకు తెలుసు. షైనీ మొదట నాతో చాలా రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు తనే, "జస్ట్ టెల్ తాత, మమ్" అని నా వెంట పడుతోంది. ఆయన కూడా మొదట్నుంచీ ఒకటే మాట, "పెద్దాయనకు చెప్పకుండ చేసుడు మంచిగుండదు జెన్నిఫర్. దాచిపెట్టి నేను ఆ ఇంట్ల ఎట్ల అడుగుపెడ్త?"

నవంబర్‌లో సెలవు పెట్టి బందరు వచ్చి మీ ఎదుట కూర్చుని చెప్పాలనుకున్నాను. ఇంతలో మీరే వస్తున్నామని రాశారు. అత్తయ్య మళ్లీ నక్షత్రం మాట ఎత్తారని చదివాక, ఈ క్రిస్మస్ ఒక్కటి ప్రశాంతంగా గడవనిచ్చి చెబుదామనుకున్నాను. పెళ్లి జనవరి మూడున. అయ్యగారు ఆ నెలలోనే రిటైరై వెళ్లిపోతున్నారు. ఫ్రెడీని మట్టిచేసిన చేతులతోనే ఇది కూడా జరగాలని నాకుంది. ఎందుకని అడిగితే చెప్పలేను. ఆయన వెళ్లిపోయేలోపు అంటే ప్రకటనలు డిసెంబర్‌లోనే చదవాలి. మీ ఉత్తరం వల్ల ఇప్పుడు ఏడో తేదీన ఒకే నోటితో ఫ్రెడీ పేరూ, నా ప్రకటనా చదువుతారు. మీరు ఆ బల్లమీద కూర్చుని వింటారు.

మీరు వద్దంటే ఆగిపోతానని ఒక వాక్యం రాశాను. రాసి కొట్టేశాను. అది నిజం కాదు. ఆగను. ఈ ఇంట్లో రాత్రి తలుపు గడియ వేసుకునేటప్పుడు ఇంకో మనిషి ఉండాలని నాకుంది. ఫ్రెడీని మరచిపోయి కాదు. మరచిపోయి ఉంటే మీకు ఇన్ని అబద్ధాలు రాసేదాన్ని కాదు.

నా భయం ఒక్కటే. మా నాన్న పోయాక నన్ను నర్సింగుకు పంపించింది మీరు. అప్పుడు నేను మీ కోడల్ని కూడా కాదు. ఈ పెళ్లి జరిగాక మీకు నేను ఏమవుతానో నాకు తెలియదు. మిమ్మల్ని ఏమని పిలవాలో తెలియదు. పిల్లలు మీవాళ్లే, దాంట్లో ఏ మార్పూ లేదు. నా సంగతే అడుగుతున్నాను.

రాకూడదనుకుంటే అర్థం చేసుకుంటాను. శనివారాల డ్యూటీ కూడా అబద్ధమే. క్రిస్మస్ నాడు రైళ్లుండవన్నది మాత్రం నిజం మామయ్యా. మీరు నమ్మనిది ఆ ఒక్క ముక్కే.

జెన్నిఫర్


మచిలీపట్నం,
26 నవంబర్ 2014

చిరంజీవి జెన్నిఫర్‌కు,

మామయ్య, అత్తయ్యల దీవెనలు. అత్తయ్య పేరు నేనే కలిపాను. ఆమె కలపమనలేదు, వద్దనీ అనలేదు.

నీ ఉత్తరం చెప్పినట్టే ఒంటరిగా చదివాను. గుడి ఆవరణలో, వేపచెట్టు కింద బల్లమీద కూర్చుని చదివాను. చదివాక ఇంటికి పోవడానికి చాలాసేపు మనసు రాలేదు. నాకు కోపం వచ్చింది. నీమీదా, ఆ మనిషిమీదా, అందరికంటే ఎక్కువగా మావాడిమీద వచ్చింది. వాడు బతికి ఉంటే ఈ ఉత్తరం ఎందుకు వచ్చేది? అలా వాణ్ని తిట్టుకున్నాక కాసేపు ఏడ్చాను. రాసేవాణ్ని నేనే కనుక దాచడం దేనికి.

మీ అత్తయ్యకు ఆ సాయంత్రమే చెప్పాను. మంచంమీద అటు తిరిగి పడుకుంది. మర్నాడు మధ్యాహ్నం దాకా లేవలేదు. తర్వాత లేచి, "నా కొడుకు పెళ్లాం అని ఊరందరికీ చెప్పుకున్నా. ఇప్పుడేమని చెప్పుకోను?" అంది. రాత్రి అన్నం పెడుతూ, "ఆ గడియ మాట నిజవే. ఒంటి ఆడది, ఇద్దరు పిల్లలు, పరాయి దేశం" అని తనలో తనే అనుకుంది. దానికంటే ఎక్కువ ఆమె దగ్గర నువ్వు ఇప్పుడు ఆశించకు. ప్రయాణానికి వస్తోంది. ఏడో తేదీన గుళ్లోకి వస్తుందో, బయట బండిలో కూర్చుంటుందో నేను చెప్పలేను. కూర్చుంటానంటే కూర్చోనీ. పిల్లల్లో ఒకరిని ఆమె దగ్గర ఉంచు.

గోవిందరాజులుకు అల్లుడి వైపు చుట్టం ఎవరో లండన్‌లో ఉన్నాడట. అతన్ని ఫోన్లో అడిగి వచ్చి, రైళ్లు నిజంగానే ఉండవటండీ అని చెప్పాడు. ఆ విషయంలో నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. క్రిస్మస్ నాడు ఇంట్లోనే ఉందాం.

టైంటేబుల్ నేను మార్చాను. లింకన్, కేంబ్రిడ్జ్, స్కెగ్‌నెస్ మూడూ శనివారాలకు. దిగిన మర్నాడు శనివారం పొద్దున ముందు సమాధి దగ్గరికి వెళ్లి, అక్కణ్నుంచి ఓపిక ఉంటే లింకన్. ఆ రత్నకుమార్‌నే బండి తెమ్మను. సమాధి దగ్గరికి కూడా అతన్నే నడపమను, దూరంగా నిలబడక్కర్లేదు. ముందు సీట్లో నేను కూర్చుంటాను. మాట్లాడతానని మాట ఇవ్వలేను. నాకు వినపడదు కనుక అతను గట్టిగా మాట్లాడవలసి ఉంటుందని చెప్పు.

మూడు ఆదివారాలూ గుళ్లోనే ఉంటాం. అయ్యగారికి ఈ రోజే మళ్లీ రాశాను. ఫ్రెడీ పేరు తీసేయవద్దు, ప్రకటన వాయిదా వేయవద్దు, రెండూ ఒకేరోజు చదవండి, రెండూ మా ఇంటి మాటలే అని రాశాను.

నువ్వు రాయని మాట ఒకటి నేను రాస్తాను. అడ్డమేదైనా ఎరిగినవారు చెప్పమని అయ్యగారు అడిగి, కాసేపు ఆగుతారు. ఆ కాసేపూ నువ్వు తల వంచుకుని నాకోసం భయపడతావు. ఆ గుళ్లో ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవాడు ఎవరైనా ఉంటే నేనే. నేను లేచి నిలబడను. మూడుసార్లు అడుగుతారు, మూడుసార్లూ నోరు విప్పకుండా కూర్చుంటాను. నీ పెళ్లికి మావైపు నుంచి పెట్టగలిగింది ఇదొక్కటే. తేలిగ్గా వస్తోందని మాత్రం అనుకోకు. జీవితమంతా మాట్లాడి బతికినవాణ్ని, ఇంత కష్టంగా ఎప్పుడూ ఊరుకోలేదు.

ఏమని పిలవాలని అడిగావు. మామయ్యా అనే పిలువు. మాకు ఒక్కడే కొడుకు. నన్ను ఆ పిలుపు పిలవడానికి ఈ భూమ్మీద ఇంకెవరూ లేరు.

నీ మామయ్య,
దేవదానం